చింతలేరు తేటపడిన ఏడు

చింతలేరు మీద మురారి నడిపిన మూడో దోనె యాత్ర ఆసుపత్రిలో ముగిసింది.

కొండల నడుమ రోడ్డు లేని దారి అది. ఫోను అందదు. ఆరు తేలికపాటి దోనెలు, ఒక్కోదానికి ఇద్దరు మనుషులు, రెండు తెడ్లు. ఏటి వాలున దిగుతూ, బండరాళ్లు అడ్డొచ్చిన చోట దోనెల్ని భుజాలకెత్తుకుని నడుస్తూ, ఇసుక మేటల మీద గుడారాలు వేసుకుంటూ, చింతలేరు గోదారిలో కలిసేదాకా వారం రోజుల ప్రయాణం. పట్నాల వాళ్లకి అదొక మోజు. బియ్యం, పప్పు మోసుకెళ్లొచ్చు గాని అంతమందికి వారానికి సరిపడా తాగునీళ్లు ఎవరు మోస్తారు? ఏటి నీళ్లే వడగట్టుకోవాలి. ఆ యాత్రలో ఎగువన వానలు పడి ఏరు ఎర్రగా, చిక్కగా దిగింది. చేత్తో కొట్టే పంపు ఫిల్టరు ఒక్క పూటలో మట్టితో పూడుకుపోయింది. కాచుకుందామంటే కట్టెలు తడిసి పొయ్యి రాజలేదు. క్లోరిన్ బిళ్లలు వేశారు. అంత బురదలో బిళ్లల మందు ఏ మూలకి? చివరికి పంచె మడతల్లో వడగట్టి, కళ్లు మూసుకుని తాగారు. మర్నాటికి తొమ్మిది మంది లేవలేకపోయారు.

ఆ తొమ్మిది మందిలో మురారి భార్య యశోధర కూడా ఉంది. రాజమండ్రిలో సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసే మనిషి. ఆ నీళ్లలో ఏముందో తక్కిన వాళ్లకి తెలియదు. ఆమెకి తెలుసు. తెలిసీ తాగింది. దాహం అలాంటిది.

వాళ్లని చూసినవాడు ఏటి కింది వంపులోని గొందిరేవు జాలరి పేర్రాజు. వల తియ్యడానికి వచ్చి, ఇసుక మేట మీద పడున్న మనుషుల్ని చూసి, కేకేసి ఊళ్లో వాళ్ల పడవలన్నీ రప్పించాడు. బొత్తిగా తెలివి తప్పినవాళ్లని ఇంజను పడవలో ఆసుపత్రికి చేరేశాడు. మిగతా వాళ్లు అతని ఇంటి వసారాలోనే మూడు రోజులున్నారు. అతని భార్య నూకరత్నం కుండ లోపలి అంచుకి చిల్లగింజ అరగదీసి, మట్టి అడుగుకి దిగాక పైతేట వంచి, మరగకాచి, ఆ నీళ్లతో గంజి కాచి పోసింది.

"మాటాడకండి అమ్మగారూ. గుక్కెడు గుక్కెడు మింగండి. కక్కేసినా పర్లేదు, మళ్లీ తాగండి," అంటూ యశోధర తల తన ఒళ్లో పెట్టుకుంది. వాంతి చేసుకున్న చీర తనే ఉతికి ఆరేసింది.

వసారాలో పడుకుని యశోధర ఆ కుండనే చూసేది. ఎర్రటి నీళ్లు మెల్లగా తేటపడడం చూస్తూ, ఇదే పని బతికున్న ప్రాణి ఏదైనా చేస్తే ఎలా ఉంటుందని ఆలోచించేది.

*

రెండేళ్లు పట్టింది.

ఏటి రాళ్లని అంటుకుని బతికే ఒక కంటికి కనిపించని జీవిని ఎంచుకుంది. దాన్ని దాటుకుపోయే నీళ్లలో తేలేది ఏదైనా దానికి తిండే. యశోధర దానికి ఆకలి పెంచింది. మట్టి నలుసుల్ని జిగురుతో ఉండకట్టి కిందికి దించేస్తుంది. పాచినీ బాక్టీరియానీ మింగేస్తుంది. దానికి చిల్లకణం అని పేరు పెట్టింది. రబ్బరు సంచి లోపలి గోడలకి ఆ కణాల పొర పట్టిస్తే, పైనుంచి బురద పోసిన కాసేపటికి కింది గొట్టంలోంచి మంచి నీళ్లు వస్తాయి. పంపు కొట్టక్కర్లేదు, కట్టెలక్కర్లేదు.

అంత ఆకలి ఉన్నదాన్ని ఊరికే వదిలిపెట్టలేదు, పగ్గం వేసింది. మామూలు నీళ్లలో ఎక్కడా దొరకని ఒక పోషకం లేకపోతే అది బతకలేదు. ఆ పోషకం బిళ్లలో పెట్టి, రోజుకొకటి సంచిలో వెయ్యాలి. బిళ్ల పడకపోతే మర్నాటికల్లా కణాలు చచ్చిపోతాయి. ప్రయోగశాలలో ఒలికిపోతే కనిపెట్టడానికి వీలుగా, నీలం కాంతి పడితే పచ్చగా వెలిగే గుణం కూడా పెట్టింది. ఇంత చేసినా చాలదని ఇంకో నియమం తనే రాసింది: యాత్ర అయ్యాక సంచిని బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్లలో గంటసేపు నానబెట్టాలి, ఆ తర్వాతే పారెయ్యాలి.

మొదటి పరీక్షకి చింతలేరే సరైందనిపించింది. ముందు దోనెలో దారి చూపడానికి పేర్రాజుని రమ్మంది. ఈసారీ ఏరు ఎర్రగానే ఉంది. మొదటి మజిలీలో మద్దికొమ్మకి సంచి వేలాడగట్టి, బక్కెట్టుతో బురద పోసి, బిళ్ల వేసింది. అందరూ చుట్టూ మూగారు. గొట్టం తిప్పేసరికి గ్లాసులోకి గాజులాంటి నీళ్లు దిగాయి. యశోధర ముందు తాను తాగింది. తర్వాత గ్లాసు పేర్రాజుకిచ్చింది.

అతను వెలుగులోకి పట్టుకుని చూసి, పుక్కిలించి, మింగాడు.

"మాయావిడ చిల్లగింజ అరగదీస్తే పూట పడుద్దండి. ఇదేంటండీ బాబూ, కన్ను మూసి తెరిచేలోగా!" అన్నాడు. "కాపోతే అమ్మగారూ, ఏటి రుచి లేదండి ఇందులో."

అందరూ నవ్వారు. యశోధర కూడా నవ్వింది.

ఆ వారం ఒక్కరికీ కడుపు నొప్పి రాలేదు. ఆఖరి రోజున గొందిరేవులో దిగేసరికి జోరున వాన. గట్టు మీద బస్సు హారను కొడుతోంది. వాగు పొంగితే రేపటిదాకా కదల్లేమని డ్రైవరు గోల. సంచి నిండా నీళ్లు, నేలకు దించితే బురద. బ్లీచింగు పౌడరు డబ్బా యశోధర సామానులోనే ఉంది. గంటసేపు నానబెట్టాలి.

"పర్వాలేదులే. బిళ్ల లేకపోతే రేపటికి ఎలాగూ చచ్చిపోతాయి," అనుకుంది పైకే. దోనె అంచు మీద నుంచి ఒంగి, సంచిని తలకిందులు చేసి, బట్ట పిండినట్టు ఏట్లోకి పిండేసింది. దోనె కదలకుండా తెడ్డు గుచ్చి పట్టుకుని పేర్రాజు పక్కనే నిలబడ్డాడు.

గట్టెక్కాక, బరువు తగ్గుతుందని ఆ డబ్బా నూకరత్నం చేతిలో పెట్టింది. "మీ బావిలో వేసుకోండి, పనికొస్తుంది," అని బస్సెక్కింది.

*

ఆ ఏడు వానలు తగ్గాక చింతలేరు తేటపడింది. ఏటా పడుతుంది, కానీ ఇలా కాదు. నిలువు లోతులో గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. దోనె నీడ అడుగున ఇసుక మీద ఈదుతూ కనిపించేది. జనం గాజుటేరు అని పేరు పెట్టారు. ఫోటోలు పాకిపోయాయి. మురారి యాత్రలకి ఖాళీ దొరకడం మానేసింది. చిల్లసంచి కూడా బజారులోకి వచ్చింది. దోనె యాత్రలు నడిపేవాళ్లూ, కొండలెక్కేవాళ్లూ కొనుక్కుపోతున్నారు. ఎగువన అడవి బాగుపడి మట్టి కొట్టుకురావడం తగ్గిందని ఎవరో అన్నారు. యశోధర ఆ మాట గట్టిగా పట్టుకుంది. ఎవరడిగినా అదే చెప్పేది.

ఒకనాటి మధ్యాహ్నం పేర్రాజు రాజమండ్రి వచ్చాడు. ప్రయోగశాల వరండాలో బల్ల అంచున కూర్చుని ఉన్నాడు, ఒళ్లో బుట్ట, చేతిలో సీసా.

"వల కనిపిస్తోందండి చేపకి," అన్నాడు లేచి నిలబడి. "దగ్గిరిదాకా వచ్చి ఆగి, పక్కకెళ్లిపోతోందండి. నేను పడవలోంచి చూస్తన్నాను, అది నన్ను చూస్తంది. ఇదెక్కడి వేటండి? అడుగంతా ఎండ పడి నాచు పెరిగిపోయిందండి, వల చిక్కడిపోతంది. పడ్డయ్యి కూడా చూడండి ఎలాగున్నాయో."

బుట్టలో రెండు బొచ్చె చేపలు. బొచ్చెకి తల పెద్దదే గాని ఇవి తలకాయలు తప్ప ఒళ్లు లేనివి. వెన్ను కత్తి అంచులా ఉంది.

"మీరైతే కనిపెడతారని మాయావిడ పంపిందండి. నీళ్లు కూడా తెచ్చాను."

"కూర్చో పేర్రాజూ. చూసి చెప్తాను," అంది.

లోపలికెళ్లి చేప కడుపు కోసింది. పేగులో ఏమీ లేదు. బొచ్చె నీళ్లలో తేలే సన్నటి పురుగుల్ని తిని బతుకుతుంది. ఆ పురుగులు నీళ్లలో తేలే పాచిని తింటాయి. పాచే లేకపోతే! చేతులు కడుక్కుని, కిటికీ తెరలన్నీ దించి, సీసా బల్ల మీద పెట్టి, నీలం టార్చి వేసింది.

సీసా అంతా పచ్చగా వెలిగింది.

ఆమె టార్చి ఆర్పేసింది. మళ్లీ వేసింది. మళ్లీ ఆర్పేసి చీకట్లో స్టూలు మీద కూర్చుండిపోయింది. తలుపు అవతల పేర్రాజు దగ్గడం వినిపిస్తోంది. వెళ్లి తలుపు తీసి, ఒక్కమాట చెప్పడానికి పది అడుగులు కూడా లేవు. ఆ సీసా చేతిలోకి తీసుకుంది కూడా. తర్వాత దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, తెరలు పైకెత్తి, బయటికొచ్చింది.

"పరీక్షలకి టైము పడుతుంది," అంది.

"ఎంత పట్టినా పర్లేదండి. మీ చేతిలో పెట్టాను, ఇక నాకు బెంగ లేదు," అని దండం పెట్టి వెళ్లిపోయాడు.

కణాలు ఎలా బతికాయో తెలుసుకోవడానికి యశోధరకి ఎక్కువ కాలం పట్టలేదు. ఎగువన ఏట్లో పంజరాలు కట్టి చేపలు పెంచుతున్నారు. చేపలు తొందరగా బలవాలని వేసే మేతలో అదే పోషకం ఉంది. తను బిళ్లలో పెట్టి రోజుకొకటి వేసినదాన్ని, అక్కడ బస్తాలకొద్దీ ఏట్లో పోస్తున్నారు. పగ్గం వేశాననుకుంది, పగ్గం కొస ఎవరి చేతిలో ఉందో చూసుకోలేదు.

ఆ సాయంత్రం మురారికి చెప్పింది. 

"ఒక్క సంచికే ఏరంతానా?"

"ఒక్కటి చాలు. తిండి దొరికితే పెరుగుతూనే ఉంటాయి."

"రుజువుందా?"

"ఉంది. పచ్చగా వెలుగుతున్నాయి."

"నీ దగ్గర ఉంది సరే. ఇంకెవరి దగ్గరైనా ఉందా?"

యశోధర అతని ముఖంలోకి చూసింది. అతను చెడ్డవాడు కాదు. ఆ మూడో యాత్ర తర్వాత, తన మాట నమ్మి వచ్చినవాళ్లు చావు అంచుదాకా పోయారని ఏడాదిపాటు సరిగ్గా నిద్రపోని మనిషి. ఇప్పుడు ఆ సంచి వల్ల ఎంతమంది పిల్లలు కలరా ఊసు లేకుండా నీళ్లు తాగుతున్నారో అతనికి తెలుసు. ఆమెకీ తెలుసు. "విరుగుడు కనిపెట్టు ముందు. అప్పుడు చెబుదువుగాని," అన్నాడు. ఆ మాట ఆమెకి చల్లగా తగిలింది. అప్పటికి అదే చాలనిపించింది. అందుకు తర్వాత ఎంత సిగ్గుపడిందో చెప్పలేం.

*

విరుగుడు దొరకలేదు. గొందిరేవు నుంచి కబురు మాత్రం వచ్చింది: బెస్త పెద్ద తాతారావు మనిషిని పంపాడు. కులపెద్దల కూటమిలో ఒక విషయం తేల్చాలి, చదువుకున్న అమ్మగారు ఒకసారి రావాలి అని.

యశోధర వెళ్లింది. పరీక్షల ఫలితం అడుగుతారనుకుని, ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంటూ వెళ్లింది. రేవు పక్కన వలలు ఆరేసే చావిట్లో ఊరంతా ఉంది. ఆమెకి కుర్చీ వేశారు. మధ్యలో పేర్రాజు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని ముందు నేల మీద బ్లీచింగు పౌడరు డబ్బా ఉంది.

ఆ డబ్బాని ఆమె చూడగానే గుర్తుపట్టింది.

తాతారావు గొంతు సవరించుకున్నాడు. డెబ్బై దాటిన మనిషి; మాట మెత్తన. "ఏరు చచ్చిపోయిందమ్మా. నీళ్లు తేటపడ్డాయి, చేప పోయింది. మందేసి చేపలు పట్టే దొంగలు మా తాతల నాడూ ఉన్నారు. ఈ డబ్బా పేర్రాజు ఇంట్లో అటక మీద దొరికింది. సగం ఖాళీ. బావిలో వేశానంటాడు. ఎవరిచ్చారురా అంటే, ఎవరో యాత్రకొచ్చినోళ్లు అంటాడు గాని పేరు చెప్పడు."

"పేరెందుకండి పెద్దయ్యా. నేనెయ్యలేదు. గంగమ్మ తోడు," అన్నాడు పేర్రాజు. డబ్బా వంక గాని తాతారావు వంక గాని చూడలేదు. యశోధర వంక చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం లేదు, బతిమాలడం లేదు. పడవ వస్తుందని తెలిసినవాడు రేవులో నిలబడి చూసినట్టు చూశాడు.

"చెప్పమ్మా," అన్నాడు తాతారావు. "మేం మొరటోళ్లం. ఈ పొడి ఏట్లో వేస్తే నీళ్లు తేటపడతాయా?"

"పడతాయి," అంది యశోధర.

"చేప చస్తాదా?"

"చస్తుంది."

అడిగినవి రెండే. రెండిటికీ నిజమే చెప్పింది. ఏరంతా తేటపడాలంటే అలాంటి డబ్బాలు ఎన్ని కావాలని ఎవరూ అడగలేదు, లారీలకొద్దీ కావాలని ఆమె చెప్పలేదు. ఆ డబ్బా తనదేనని చెప్పలేదు. దానితో చంపవలసినదాన్ని చంపకుండా ఏట్లో పిండింది తనేనని చెప్పలేదు. నోరు తెరిస్తే తన పేరు, మురారి యాత్రలు, ప్రయోగశాల అన్నీ ఈ చావిట్లోనే కూలిపోతాయి. ఒక్క నిమిషం ఆగి చెబుదామనుకుంది. ఆ నిమిషం గడిచింది. పెద్దలు తలలు దగ్గరికి చేర్చి మాట్లాడుకోవడం మొదలెట్టారు. ఇంకో నిమిషం గడిచింది.

నూకరత్నం ఆడవాళ్ల వైపు నుంచి ముందుకొచ్చింది. "అమ్మగారూ!" అంది. ఒక్క పిలుపే.

"ఒసే, నువ్వూరుకో," అన్నాడు పేర్రాజు.

తీర్పు అయింది. పేర్రాజు పడవ గట్టెక్కించాలి. చింతలేట్లో అతను వల వెయ్యకూడదు, అతనితో ఎవరూ వేటకెళ్లకూడదు. నలుగురు కుర్రాళ్లు వెళ్లి పడవని ఈడ్చుకొచ్చి బోర్లించారు. ఎవరో యశోధరకి కొబ్బరిబొండం కొట్టి ఇచ్చారు. చేతిలో పట్టుకుని కూర్చుంది; తాగలేకపోయింది, కింద పెట్టలేకపోయింది.

ఇంటికొచ్చాక అంతా విని మురారి, "నువ్వు అబద్ధం చెప్పలేదుగా," అన్నాడు, ఊరడింపుగా.

"అదే," అంది యశోధర. "అబద్ధం చెప్పకుండానే మోసం చెయ్యగలనని తెలిసింది."

నెల తిరక్కుండా పేర్రాజు దంపతులు ఇంటికి తాళం వేసి కాకినాడ వెళ్లిపోయారని తెలిసింది.

*

వేసవి యాత్రలు ముగిసే రోజుల్లో యశోధర ఒకసారి మురారితో పాటు యాత్రికుల్ని తీసుకురావడానికి గొందిరేవుకి దిగువనున్న కింది రేవుకి వెళ్లింది. కొత్తగా చేరిన హిమబిందు అనే అమ్మాయి జట్టుని నడిపించుకొచ్చింది. చురుకైన పిల్ల. అందరినీ దించి, సామాను లెక్క చూసుకుని, ఆఖరున చిల్లసంచి తీసుకుని దోనె అంచున ఒంగి నీళ్లలోకి పిండడం మొదలెట్టింది.

"ఏయ్! బ్లీచింగులో నానబెట్టావా?" అని అరిచింది యశోధర.

హిమబిందు ఉలిక్కిపడి చూసింది. "లేదు మేడమ్. పర్వాలేదు కదా, బిళ్ల లేకపోతే రేపటికి ఎలాగూ చచ్చిపోతాయి. సంచి తెచ్చిన మొదటి యాత్రలో మీరే అలా చేశారని మురారి సార్ చెప్పారు. పోయిన నెల ఇంకో ఏటి మీదా అలాగే చేశాం."

యశోధర నీళ్లలోకి దిగింది. మోకాలి లోతులో నిలబడి ఆ పిల్ల చేతిలోంచి సంచి లాక్కుంది. అప్పటికే అది వట్టిపోయింది. మురారి గట్టు మీద నుంచి చూస్తున్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. అతనే ముందు తల తిప్పుకున్నాడు.

"గొందిరేవు వెళ్తున్నాను," అంది.

"ఇవాళే వెళ్లాలా?"

"ఆరోజే చెప్పాల్సింది."

మురారి ఆపలేదు. వెంట రాలేదు కూడా.

తాతారావు ఇంటి ముందు వల అల్లుకుంటున్నాడు. చేపలు లేని ఏటికి వల ఎందుకో. చేతులు ఊరుకోక అల్లుతున్నట్టుంది. యశోధర నిలబడే అంతా చెప్పింది. సంచి చూపించింది. డబ్బా తనదేనంది. చుట్టుపక్కల వాళ్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు.

తాతారావు అల్లికకర్ర కింద పెట్టాడు. "మేం మిమ్మల్ని పిలిపించి అడిగాం గదమ్మా," అన్నాడు.

"అడిగారు."

"కుర్చీ వేసి అడిగాం."

"అవును."

"మరి?"

 భయపడ్డానంటే అది జవాబు కాదు. ముసలాయన తిడతాడేమోనని నిలబడింది. ఆయన తిట్టలేదు. రెండు చేతులతో ముఖం కప్పుకుని, "నా చేత్తో వాడి పడవ బోర్లేయించానే," అన్నాడు.

తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. యశోధర పేరు పేపర్లకెక్కింది, ఈసారి ఇంకోరకంగా. ప్రయోగశాలలో ఆమె గదికి సీలు వేశారు. సంచులు వెనక్కి తెప్పించి కాల్చేశారు. అధికారులు వచ్చి పంజరాల మేత మార్పించారు. మేత ఆగితే కణాలు మెల్లగా తగ్గుతాయని, ఎన్నాళ్లకో చెప్పలేమని ఆమే వాళ్లకి వివరించింది. మురారి కొన్నాళ్లు ఇంట్లో ఆమెతో మాట్లాడలేదు. ఒకరోజు భోజనాల దగ్గర, "ఆ రోజు ఇంకెవరి దగ్గరైనా రుజువుందా అని అడిగింది నేను," అన్నాడు. 

*

కాకినాడకి తాతారావు తనూ వస్తానన్నాడు. బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. రెండున్నర గంటల దారి. టీ తాగుదామా అని ఒకసారి ఆయన అడగడం, వద్దని ఆమె అనడం తప్ప మాటలు లేవు.

రేవు దగ్గర రొయ్యల షెడ్డు. నూకరత్నం వరసలో కూర్చుని రొయ్యల తలలు తీస్తోంది. వేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకుంది. యశోధరని చూసింది, చేతులు ఆపలేదు. పేర్రాజు ఐసుదిమ్మెలు మోస్తూ వచ్చి, బస్తా కింద పెట్టి, ముందు తాతారావుకి దండం పెట్టాడు.

ముసలాయన ఆ చేతులు పట్టుకున్నాడు. "తప్పయిపోయిందిరా. పడవ నేనే తిరగేసి, తారు పూయించి ఉంచాను. వచ్చెయ్యండి," అన్నాడు. పక్కకెళ్లి నిలబడ్డాడు.

యశోధర తన మాట తను చెప్పుకుంది. విన్నాక పేర్రాజు, "నాకు తెలుసండి," అన్నాడు. "సంచి పిండినప్పుడు పక్కనే ఉన్నాను గదండి. ఏరు తేటపడ్డాక అదేనేమోననిపించింది. అందుకే నీళ్లు సీసాలో పట్టుకుని మీ దగ్గరికే వచ్చాను."

"తెలిసీ చావిట్లో నా పేరు ఎందుకు చెప్పలేదు?"

అతను ఆశ్చర్యంగా చూశాడు, ఇది కూడా అడగవలసిన మాటా అన్నట్టు.

"మీరక్కడే కూర్చునున్నారు కదండి," అన్నాడు.

 యశోధర తల దించుకుంది. ఏడుపు రాలేదు, వస్తే కొంచెం తేలికయ్యేది.

"ఆవిడే చెప్తారు, చూస్తా ఉండవే, అన్నాడండి ఈయన," అంది నూకరత్నం, రొయ్య మీదనుంచి కళ్లెత్తకుండా. "తీర్పయ్యాక కూడా అన్నాడు. ఇల్లు తాళమేసేటప్పుడు కూడా, రెండ్రోజులు ఆగుదామే అన్నాడు. నేనే లాక్కొచ్చాను. ఈయన ఐసు మోసినందుకు కాదండి నా బాధ. ఆ రెండు రోజులూ గుమ్మంలో కూర్చుని రోడ్డుకేసి చూశాడు. అదండి."

"రత్నం, ఇంక చాల్లేవే."

"చాలు. ఇంకేం లేదు." చేతిలో రొయ్య తట్టలో పడేసి, మొదటిసారి యశోధర ముఖంలోకి చూసింది. "చేప మళ్లీ వస్తాదా?"

"వస్తుంది. ఏరు ఎప్పటిలా మాసితే వస్తుంది. రెండు మూడు వానాకాలాలు పట్టొచ్చు."

"అయితే ఏరు మాసినప్పుడు కబురంపండి, వస్తాం. తాతారావు మావ చేత పంపించండి. మీరు రాకండి."

యశోధర సరేనంది.

*

చింతలేరు తర్వాతి ఏడు మాసలేదు. ఆ పై ఏడు కార్తెలు దాటి వానలు పడ్డాక కూడా ముందు తేటగానే ఉండి, తర్వాత గోదారికి వరద తగిలినప్పుడు ఒక్కసారిగా ఎర్రబడింది. వరద తీసినా ఆ మసక నిలిచింది.

మురారి యాత్రలు చిన్నవైపోయాయి. ఉన్నవాటికి నీళ్లు కాచే పని యశోధర తీసుకుంది. పెద్ద అల్యూమినియం గిన్నె, పొడి కట్టెలు దోనెలో మోసుకెళ్లి, మజిలీ చేరగానే పొయ్యి పెట్టేది. ఎనిమిది మందికి కాచి, చల్లార్చి, సీసాల్లో పోసేసరికి చేతులు పడిపోయేవి. నీళ్లు పొగ వాసనేస్తున్నాయని యాత్రికులు విసుక్కునేవారు. ఒకప్పుడు చిల్లసంచి అని ఉండేదట కదా, అది తెస్తే పోయేదిగా అనేవారు కొందరు. ఆమె కట్టెలు ఎగదోసేది.

గొందిరేవు వంపు వచ్చేసరికి తన దోనెని అవతలి ఒడ్డుకి తిప్పుకుని పోవడం ఆమె అలవాటు. ఆ కార్తీకంలోనూ అలాగే తిప్పింది. ఎర్రటి నీళ్ల మధ్య, కొత్తగా తారు పూసిన నల్లటి పడవ ఒకటి కనిపించింది. మనిషి వల చేదుతున్నాడు. వలలో చేపలు తళతళమంటున్నాయి. వెనక కూర్చున్న ఆడమనిషి తెడ్డు వేస్తోంది.

పేర్రాజు తలెత్తి చూశాడు. యాత్రికులు చేతులూపుతూ కేకలేశారు. అతను కూడా చెయ్యెత్తి ఊపాడు, అందరికీ కలిపి.

యశోధర చెయ్యి ఎత్తలేదు. తల వంచుకుని, ఆ వంపు దాటేదాకా తెడ్డు గట్టిగా వేసింది.